స్వామివారికి తెలిసినదే

మా స్వామివారికి అన్నీ తెలుసన్న సంగతి ఆషాఢ మాసంలో జరిగిన సమీక్షా సమావేశంలో అధికారికంగా బయటపడింది. అంతకు ముందు కూడా అందరూ తెలుసనే అనుకునేవారు గాని, దానికి ఫైలు నంబరు ఉండేది కాదు.

పాలగుట్ట చెన్నకేశవస్వామి గుడిలో నేను అర్చన టికెట్లు కొట్టే ఆపరేటరును. కొండ కింద కార్యాలయం, దాని పక్కనే నా కౌంటరు. అక్కణ్ణుంచి నూట పది మెట్లెక్కితే గుడి. భక్తులు కిటికీ దగ్గర వంగి పేరు, గోత్రం, నక్షత్రం చెబుతారు. గోత్రం తెలియదంటే విష్ణుగోత్రం అని కొడతాను. నక్షత్రం తెలియదంటే ఆ గడి వదిలేస్తాను. ఆ చీటీ చూసి పైన శేషాచార్యులు గారు స్వామి ముందు పైకి చదువుతారు.

ఆ రోజు సమావేశానికి జిల్లా నుంచి ఉప కమిషనరు గారు వచ్చారు. శనివారాలు క్యూ ఎందుకు కదలడం లేదని అడిగారు. ఒక్కో అర్చనకు రెండు నిమిషాలు పడుతోందని, అందులో ఒక నిమిషం గోత్రనామాలకే పోతోందని ఈఓ తూమాటి విశ్వనాథం గారు విన్నవించారు. ఉప కమిషనరు గారు టీ గ్లాసు కింద పెట్టి, "అవన్నీ ఆయనకు తెలియవా ఏమిటి?" అన్నారు.

అది హాస్యమో ఆదేశమో గదిలో ఎవరికీ తెలియలేదు. ఆచార్యులు గారు నవ్వారు. ఈఓ గారు నవ్వలేదు, రాసుకున్నారు.

మూడో రోజుకు ఉత్తర్వు వచ్చింది. నేనే టైపు చేశాను గనుక నాకు ఇంకా నోటికి ఉంది. 'స్వామివారు సర్వజ్ఞులు అనునది ఆగమ సమ్మతము, శాఖాపరముగా కూడా అభ్యంతరము లేని విషయము. కావున స్వామివారికి ఇదివరకే తెలిసియున్న సమాచారమును తిరిగి తెలియజేయుట వారి సర్వజ్ఞత్వమును శంకించుటగా పరిగణించబడును. ఇకమీదట అర్చన టికెట్లపై పేరు, గోత్రము, నక్షత్రము ముద్రించరాదు, చదవరాదు.'

ముద్రించకపోవడానికి ఒక ఇబ్బంది వచ్చింది. మా యంత్రం పేరు గడి ఖాళీగా ఉంటే టికెట్టు ఇవ్వదు. ఒక్క అక్షరమైనా కొట్టాలి. ఏ అక్షరం కొట్టినా అది సమాచారం కిందికి వస్తుందేమోనని ఈఓ గారు పై కార్యాలయానికి రాశారు. రెండు రోజుల తరవాత, చుక్క పెట్టవచ్చునని జవాబు వచ్చింది. అప్పటినుంచి భక్తులందరి పేరూ చుక్కే. పైన ఆచార్యులు గారు ఆ చుక్కల చీటీలు దొంతరగా పట్టుకుని, "విదిత గోత్రస్య, విదిత నామధేయస్య" అని ఒక్కసారి అనేవారు. తెలిసిన గోత్రం, తెలిసిన పేరు గలవాడికి అని అర్థం. నలభై మందికి అర్చన అయిపోయేది. క్యూ చకచకా కదిలింది.

అందులో ఒక మనిషి మాత్రం కదలలేదు. ఆమె పేరు పాలేటి పిచ్చమ్మ.

పిచ్చమ్మ పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగు చేస్తుంది. వేళ్ల చివర్లు ఎప్పుడూ పచ్చగా ఉంటాయి. ఏడేళ్ల కింద ఆమె భర్త బోర్లు వేసే లారీ ఎక్కి పై రాష్ట్రం వెళ్లాడు. నెల రోజులు ఫోను చేశాడు. తరవాత ఆ నంబరు పని చేయలేదు. లారీ వాళ్లను అడిగితే, మా దగ్గర మానేసి ఇంకో బండి ఎక్కాడన్నారు. ఆ ఇంకో బండి ఏదో ఎవరికీ తెలియదు.

అప్పటినుంచి ప్రతి శనివారం ఆయన పేరున అర్చన చేయిస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు పేరేమిటని అడిగితే చెప్పలేదు. కొంగులోంచి రేషను కార్డు తీసి, ఒక గీత మీద వేలు పెట్టి చూపించింది. భర్త పేరు ఆమె నోటితో అనదు. అంటే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని వాళ్లమ్మ చెప్పిందట. ఊళ్లో మిగతావాళ్లు మరో కారణం చేత అనడం మానేశారు. అందువల్ల వారానికి ఒకసారి, ఆచార్యుల నోట తప్ప, మాలకొండయ్య అనే పేరు ఆమెకు ఎక్కడా వినపడేది కాదు.

"విష్ణుగోత్రోద్భవస్య, మాలకొండయ్య నామధేయస్య, ధర్మపత్నీ సమేతస్య" అని ఆచార్యులు చదివేవారు. ఆ చివరి మాటకు అర్థమేమిటని ఒకసారి అడిగిందట. భార్యతో కూడి ఉన్నవాడు అని ఆయన చెప్పారు. ఆ తరవాతి వారం నుంచి, ఆ మాట దగ్గర కాస్త నిదానంగా చదవమని ఆయన్ని అడిగేది. ఇంకో సంగతి కూడా ఆయన దగ్గరే తెలుసుకుంది. అర్చనలో బతికున్నవాళ్ల పేర్లే చదువుతారు. పోయినవాళ్లకు వేరే రోజులున్నాయి.

ఉత్తర్వు వచ్చిన మొదటి శనివారం ఆమె టికెట్టు తీసుకుని, తిప్పి చూసి, మళ్లీ కిటికీలోంచి లోపలికి పెట్టింది.

"అమ్మాయ్, ఇందులో పేరు పడలా."

ఎవరి పేరూ పడదని, స్వామికి అన్నీ తెలుసు గనుక చెప్పకూడదని చెప్పాను. ఆమె ఆ చుక్క వంక చాలాసేపు చూసింది. వెనక ఉన్నవాళ్లు జరగమన్నారు. జరిగింది. చీటీ పట్టుకుని మెట్లెక్కింది. దిగి వచ్చి, పైన చదివినాయన ఎవరి పేరు చదివాడో తనకు అర్థం కాలేదని చెప్పి వెళ్లిపోయింది.

క్యూ కదిలినందుకు ఉప కమిషనరు గారు అభినందించారు. దాంతో ఈఓ గారు ఊరుకోలేకపోయారు. ఒక విషయంలో సర్వజ్ఞత్వాన్ని గౌరవించి మిగతా విషయాల్లో శంకిస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుందని, వేదాంత సాంకేతిక సమన్వయ సంఘం వేశారు. అందులో ఈఓ గారు, అసిస్టెంటు ఇంజినీరు గారు, తత్వశాస్త్రం చెప్పి రిటైరయిన సదానందం మాస్టారు సభ్యులు. మినిట్స్ రాయడానికి నేను.

సదానందం మాస్టారు అరగంట మాట్లాడారు. సర్వజ్ఞత్వం గురించి మన పెద్దలు వందల ఏళ్లు వాదించుకున్నారన్నారు. అన్నీ ఒకేసారి, ఎప్పుడూ తెలిసి ఉండటమా, లేక ఇటు చూస్తే ఏదైనా తెలుసుకోగలగడమా అన్నది ఒక పేచీ. కొండ మీద పురుగులెన్నో లెక్క తెలిసినవాడు గొప్పా, ఎదురుగా నిలబడ్డ మనిషి బాధేమిటో తెలిసినవాడు గొప్పా అన్నది ఇంకో పేచీ.

ఈఓ గారు శ్రద్ధగా విని, ఆ రెండు అభిప్రాయాల్లో దేనికి అదనపు సిబ్బంది కావాలని అడిగారు. మాస్టారు ఆలోచించి, రెండో దానికేనన్నారు. దేవుడు ఇటు చూడాలంటే ఎవరో పిలవాలి కదా. పిలవాలంటే గంట కావాలి, నగారా కావాలి.

"అయితే మొదటిదే శాఖ వైఖరి," అన్నారు ఈఓ గారు.

మాస్టారికి ఏదో తోచినట్టుంది. కథలు రాసేవాళ్ల సంగతి ఎత్తారు. "పాత్రల మనసులో ఏముందో రాసేవాడికి అంతా తెలుసండీ. అయినా వాళ్ల చేత నోరు విప్పిస్తాడు. నాకు తెలుసు కదా అని వాళ్లను మాట్లాడనివ్వకపోతే అక్కడ కథే ఉండదు."

అది సాంస్కృతిక శాఖ పరిధిలోకి వస్తుందని ఈఓ గారు గుర్తు చేశారు. మినిట్స్‌లో నా చేత ఇలా రాయించారు. 'కొండపై పురుగుల సంఖ్య అధికముగా ఉన్నట్లు సభ్యులు సంఘం దృష్టికి తెచ్చారు. మందు పిచికారీకి ఆమోదించడమైనది.'

ఆ వారమే గంటకు గుడ్డ చుట్టారు. గంట కొట్టి భక్తుడు తన రాకను స్వామికి తెలియజేస్తున్నాడని, రాక ఆయనకు ముందే తెలుసని కారణం రాశారు. మేలుకొలుపు ఆపేశారు. తెల్లవారిన విషయం స్వామివారికి వేరుగా తెలపనవసరం లేదు. సహస్రనామాల దగ్గర ఆచార్యులు గారు కొంచెం పెనుగులాడారు గాని, ఆయన పేర్లు ఆయనకే వెయ్యిసార్లు చెప్పడం ఎంతవరకు సబబని అడిగితే పుస్తకం మూసేశారు. హారతి మాత్రం మిగిలింది. అది స్వామికి కాదు, స్వామి మనకు కనపడటానికి అని ఆయన వాదించినందువల్ల దాన్ని విద్యుత్ విభాగం కిందికి మార్చారు.

నగారా కొట్టే మస్తానయ్య గారికి పని లేకుండా పోయింది. ముప్పై ఏళ్లుగా కొండ మీద నగారా కొట్టి, పండగలకు అది కూడా చాలక గొంతెత్తి జనాన్ని పిలిచిన మనిషి. ఆయన్ని కింద కార్యాలయంలో అటెండరుగా వేశారు. తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని, మోకాళ్ల మీద వేళ్లతో చప్పుడు కాకుండా కొట్టుకునేవాడు.

తరవాత రబ్బరు స్టాంపు వచ్చింది. కార్యాలయానికి వచ్చే అర్జీలన్నీ నిజానికి స్వామివారికే చెందుతాయి, ఈఓ ఆయన సేవకుడు మాత్రమే. కాబట్టి అర్జీలోని విషయం కూడా స్వామివారికి తెలుసు. 'స్వామివారికి తెలిసినదే' అని స్టాంపు వేసి ఫైలు మూసేయవచ్చు. యాభయ్యో మెట్టు దగ్గర నీళ్ల కుళాయి రావడం లేదని ఎవరో అర్జీ ఇచ్చారు. స్టాంపు పడింది. మెట్లు జారుతున్నాయని ఇచ్చారు. పడింది. మస్తానయ్య గారు మనవరాలి పెళ్లికి నాలుగు రోజులు సెలవు పెట్టుకున్నారు. దాని మీదా పడింది.

"ఇంతకీ ఇచ్చినట్టా, ఇవ్వనట్టా సారూ?" అని ఆయన అడిగాడు.

"స్వామివారికి తెలుసు," అన్నారు ఈఓ గారు.

మస్తానయ్య గారు పెళ్లికి వెళ్లొచ్చాడు. జీతం కోశారు. ఎందుకు కోశారని అర్జీ పెట్టుకుంటే దాని మీద కూడా స్టాంపు వేశారు.

శ్రావణం చివరికి మా కార్యాలయంలో పెండింగు ఫైళ్లు సున్నా. జిల్లాలో ఉత్తమ దేవస్థానం అని ప్రశంసాపత్రం వచ్చింది. మరి ముగ్గురు ఈఓలు వచ్చి చూసి, స్టాంపు చేసినవాడి చిరునామా తీసుకుని వెళ్లారు.

పిచ్చమ్మ ఒక్క శనివారం కూడా మానలేదు. చుక్క టికెట్టు కొనుక్కుని, పైకి వెళ్లి, వరస చివర నిలబడి వచ్చేది. ఒకసారి నాతో అంది, పొగాకు ఆకులు కలిసిపోతే వేరు చెయ్యొచ్చు గాని ఈ పేర్లు కలిసిపోతే ఎట్టా వేరు చేస్తారని. నేను తరవాతి టికెట్టు మీద చుక్క కొట్టాను.

భాద్రపదంలో ఆమె బావగారు తిరపతయ్య కౌంటరు దగ్గరికి వచ్చాడు. మాలకొండయ్యకు అన్న. మర్యాదస్తుడు, చెప్పులు దూరంగా విడిచి వచ్చాడు. మా తమ్ముడి పేరు ఇప్పుడు గుళ్లో చదవడం లేదట కదా అని అడిగాడు. ఎవరి పేరూ చదవడం లేదని చెప్పాను. ఆయన నా జవాబులో తనకు కావలసిన సగమే తీసుకున్నాడు.

అప్పుడే పిచ్చమ్మ మెట్లు దిగి వస్తోంది. తిరపతయ్య ఆమెను పక్కకు పిలిచాడు గాని, నా కిటికీ ముందే మాట్లాడాడు.

"ఇదిగో పిచ్చమ్మా, ఏడేళ్లు గడిచినయ్. స్వామి దగ్గరే వాడి పేరు ఆగిపోయింది. ఇంకా ఏం జూస్కొని కూచుంటావ్? వచ్చే మహాలయ అమావాస్యకి పెద్దల్లో కలిపేద్దాం."

అమావాస్యకు పది రోజులుంది. పెద్దల్లో కలిపితే మాలకొండయ్య పోయినవాళ్ల వరసలో చేరతాడు. ఆమె మెళ్లో పుస్తెలు తీసేయాలి. మళ్లీ ఎప్పుడైనా పేర్లు చదవడం మొదలుపెట్టినా ఆయన పేరు చదవరు.

ఆమె వెనక్కి తిరిగి మళ్లీ మెట్లెక్కింది.

తరవాత జరిగింది ఆచార్యులు గారు చెప్పగా విన్నాను. ఆయన విదిత నామధేయస్య అని చదివి పూర్తి చేశారు. అందరూ తీర్థానికి చేతులు చాచారు. పిచ్చమ్మ చాచలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గర్భగుడి గడప దగ్గర, "మాలకొండయ్య" అంది. పెద్దగా ఏమీ అనలేదు. గంట లేదు, నగారా లేదు, మంత్రం లేదు గనుక అందరికీ వినపడింది. అన్న తరవాత ఆమె గడప పట్టుకుని కూర్చుండిపోయిందట.

దిగి వచ్చి నా కిటికీ పట్టుకుంది. "నేనే అనేశానమ్మాయ్," అంది. "ఆయనకేం గాదు గదా?"

కాదన్నాను. నాకేం తెలుసని అన్నానో నాకే తెలియదు.

పైన గుడి చూసుకునే సూపర్‌వైజరు నివేదిక సాయంత్రానికే కిందికి వచ్చింది. స్వామివారి సన్నిధిలో ఒక భక్తురాలు స్వామివారికి ఇదివరకే తెలిసిన సమాచారమును బిగ్గరగా తెలియజేసినది. ఉత్తర్వు వచ్చాక ఇది మొదటి ఉల్లంఘన. ఈఓ గారికి ఇది పెద్ద విషయమైంది. విచారణ పద్ధతి ప్రకారం జరగాలని, ఒక్క కామా కూడా తప్పిపోకూడదని నన్ను పిలిచి చెప్పారు.

నోటీసు ఫారంలో పేరు, భర్త పేరు అని ఉంటాయి. భర్త పేరు ముందు, కీర్తిశేషులైతే లేటు అని రాయడానికి చిన్న గడి ఉంటుంది. ఆ గడిలో ఏం కొట్టమంటారని అడిగాను. ఈఓ గారు కళ్లజోడు తీసి ఆలోచించారు.

"అతను ఉన్నాడా, లేడా అన్నది ఎవరికి తెలుసు?"

"స్వామివారికి తెలుసండీ," అన్నాను.

"మరి స్వామివారికి తెలిసినదాన్ని మనం రాయడమేమిటి? ఖాళీగా వదిలెయ్."

వదిలేశాను. మాలకొండయ్య అన్న చోట మాత్రం చుక్క పెట్టలేదు. నోటీసు స్వామివారికి కాదు, పిచ్చమ్మకు. ఆ విషయంలో ఉత్తర్వు ఏమీ చెప్పలేదు.

నోటీసు అందిన రోజు తిరపతయ్య దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడని పిచ్చమ్మ తరవాత చెప్పింది. దేవస్థానం ముద్ర, ఈఓ సంతకం, ఫైలు నంబరు, 'పాలేటి పిచ్చమ్మ, భర్త పేరు మాలకొండయ్య'. లేటు లేదు. గవర్నమెంటోళ్లే రాయలేదు, మనమెట్టా కలుపుతామని అన్నాడట. విచారణ తేలిందాకా ఆగుదామన్నాడు. అమావాస్య అలాగే గడిచిపోయింది.

విచారణ శనివారం పెట్టారు. విచారణకు పిలిచే మనిషిని, తండ్రి పేరో భర్త పేరో కలిపి, గుమ్మంలో నిలబడి మూడుసార్లు పిలవాలని నిబంధన. మస్తానయ్య గారు స్టూలు మీంచి లేచాడు. రెండు నెలలుగా ఆ గొంతుకు పని లేదు. కండువా సర్దుకుని, కొండ వైపు తిరిగి, నగారా దగ్గర పిలిచినట్టే పిలిచాడు.

"పాలేటి పిచ్చమ్మ... భర్త పేరు మాలకొండయ్య..."

కొండకు తగిలి ఆ పేరు మళ్లీ వెనక్కి వచ్చింది. పిచ్చమ్మ ఎదురుగా అరుగు మీదే కూర్చుని ఉంది. కదలలేదు. రెండోసారి పిలిచాడు. కళ్లు మూసుకుంది. మూడోసారికి లేచి, కొంగు సర్దుకుని, "వచ్చా" అంది.

లోపల ఈఓ గారు అడిగారు. "మీ భర్త పేరు స్వామివారికి తెలియదని మీ అభిప్రాయమా?"

"ఆయనకి తెలీకపోవడమేంది సారూ. పేరేంది, మనిషి యాడున్నాడో కూడా తెలుసు. చెప్పడు, అంతే."

"మరి తెలిసినవారికి ఎందుకు చెప్పినట్టు?"

"తెలీందల్లా నాకే గదా సారూ. తెలీనోళ్లం మేం చెప్పుకుంటాం. ఆయన వింటాడు. ఇన్నేళ్లూ అట్టాగే జరిగింది."

ఈఓ గారు దీన్ని ఎలా రాయించాలో తెలియక, ప్రశ్నను అంగీకరించినట్లు కనపడుతున్నది అని రాయించారు. తరవాత సాక్షుల వంతు. వరసలో ఉన్నవాళ్లు ఎవరో, మా టికెట్ల ప్రకారం చూస్తే, అందరూ చుక్కలే. ఎవరినీ పిలవలేకపోయారు. ఆచార్యులు గారు తాను ధ్యానంలో ఉన్నానని, తనకు వినపడలేదని చెప్పారు. కళ్లు దించుకుని చెప్పారు. సూపర్‌వైజరు ఆ సమయంలో గుడి బయట ఉన్నాడు, విన్నవాళ్లు చెప్పగా రాశాడు.

"అంటే సంఘటనను పూర్తిగా ఎరిగిన సాక్షి ఒక్కరే," అన్నారు ఈఓ గారు. గదిలో అందరూ కొండ వైపు చూశారు.

'ప్రధాన సాక్షి స్వామివారు. జరిగినదంతయు వారికి తెలియును. వారి వాంగ్మూలము అందవలసియున్నది. అంతవరకు విచారణ వచ్చే శనివారమునకు వాయిదా.' నేను టైపు చేశాను. సాక్షి వాంగ్మూలం లేకుండా ఫైలు మూయకూడదు. ఇది విచారణ ఫైలు, అర్జీ కాదు గనుక స్టాంపు కూడా పనికిరాదు. మా కార్యాలయంలో పెండింగు ఒకటి అయింది.

తరవాతి శనివారం స్వామివారి వాంగ్మూలం అందలేదు. ఆ తరవాతి శనివారం కూడా అందలేదు. మాలకొండయ్య ఇంకా రాలేదు. పిచ్చమ్మ ఇప్పుడు అర్చన టికెట్టు కొనడం లేదు. పచ్చటి వేళ్లతో నోటీసు పట్టుకుని పదింటికల్లా వచ్చి అరుగు మీద కూర్చుంటుంది. ఆమె పక్కన, ఇంటి మనిషి తిరిగి రాని ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూర్చోవడం మొదలుపెట్టారు. మొన్న వాళ్లలో ఒకామె కౌంటరు దగ్గరికి వచ్చి, అట్టాంటి నోటీసు తనకు కూడా రావాలంటే ఏం చేయాలని అడిగింది. ఉత్తర్వు తీసి చదివి వినిపించాను. అర్థమైందని చెప్పి మెట్లెక్కింది.

నిన్న ఏడో వాయిదా. మస్తానయ్య గారు గుమ్మంలోకి వచ్చి చూస్తే పిచ్చమ్మ రెండడుగుల దూరంలో ఉంది.

"ఎదురుగ్గానే ఉండావు గదమ్మా," అన్నాడు. "మొదటి పిలుపుకే పలకరాదూ?"

"మూడుసార్లు పిలవాలని రూలుంది గదన్నా," అంది పిచ్చమ్మ, అరుగు మీద సర్దుకుని కూర్చుంటూ. "కొంచెం నిదానంగా పిలువు."

మస్తానయ్య గారు కండువా తీసి భుజం మార్చుకుని, కొండ వైపు తిరిగాడు.